‘తాగు’ క్రియకు రెండు దారులు: కన్యాశుల్కంలో చుట్ట, సారా - గుంటూరు నేల నుంచి ఒక పఠనం

ప్రస్తావన

ఏ విస్కీకి ఏ సిగారు జత కుదురుతుందన్న విషయం మీద ఇవాళ ప్రపంచంలో ఒక చిన్న శాస్త్రమే నడుస్తున్నది. స్కాట్లండుకు చెందిన ఐలా దీవిలో మొలకెత్తించిన బార్లీని పీటు మంట మీద ఆరబెడతారు. అందువల్ల ఆ మద్యంలో పొగవాసన ముందే చేరి ఉంటుంది. సిగారు ఆకును గుట్టలుగా పేర్చి పులియబెడతారు. మద్యం లాగే అదీ పులిసిన తరువాతనే పాకానికి వస్తుంది. పానీయంలో పొగ, పొగాకులో పులుపు ముందే ఉన్నాయి గనుక ఈ రెండింటినీ రుచి ప్రాతిపదికన జతచేయడం ఆ శాస్త్రం పని.

తెలుగు సాహిత్యంలోనూ ఈ జత ఉన్నది. అయితే ఇక్కడ చుట్టనూ సారానూ కలిపినదీ విడదీసినదీ రుచి కాదు, ప్రమాణం. ఏ వస్తువు సేవనకు శాస్త్రం అనుమతి ఉన్నది, ఎవరు ఆ అనుమతిని ఉటంకించగలరు, ఆ అనుమతి లేనప్పుడు దాన్ని ఎలా కల్పించుకుంటారు అన్న ప్రశ్నలే ఆ రెంటి సాహిత్య స్థానాన్ని నిర్ణయించాయి. ఈ విషయాన్ని గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ఈ నాటకానికి 1909లో వెలువడిన పెంచిన కూర్పు ఇక్కడి ఆధారం. ఈ పఠనానికి చూపు మాత్రం గుంటూరు, ప్రకాశం ప్రాంతాలది. పొగాకు ఇక్కడ పొగ కావడానికి ముందు ఆకు; ఆకు కావడానికి ముందు అప్పు. ఈ నేల మీద కన్యాశుల్కం పాఠం చెప్పేటప్పుడు గిరీశం చుట్టను కేవలం హాస్యోపకరణంగా దాటవేయడం సాధ్యపడదు.

ఒకే క్రియ, రెండు వస్తువులు

తెలుగులో నీళ్లు తాగుతాం, కల్లు తాగుతాం, పొగా తాగుతాం. సంస్కృతమూ అంతే: మధుపానం, సురాపానం, ధూమపానం. పొగాకు భారతదేశానికి రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే చరకసంహిత సూత్రస్థానం ఔషధరూపమైన ధూమపానాన్ని వివరించింది. కనుక పొగను పానంగా భావించే అలవాటు పొగాకుతో వచ్చినది కాదు. కొత్తగా వచ్చిన ఆకు పాత మాటలో ఇమిడిపోయింది.

అయితే ‘తాగు’కు పోటీగా మరికొన్ని క్రియలు కూడా ఉన్నాయి. చుట్ట కాలుస్తారు, ముట్టిస్తారు, పీలుస్తారు. ‘కాల్చు’ అన్నప్పుడు దృష్టి వస్తువు మీద ఉంటుంది. ‘తాగు’ అన్నప్పుడు దేహం మీద ఉంటుంది. ఉత్తర కోస్తాలో శ్రామిక స్త్రీలు నిప్పున్న కొసను నోటిలోపల ఉంచి కాల్చే పద్ధతికి ‘అడ్డపొగ’ అని పేరు. ఆ మాటలో ఈ రెండు క్రియలకూ చోటు లేదు, మిగిలింది పొగ మాత్రమే. మద్యం విషయంలో ప్రభుత్వభాష ‘తాగు’ను తప్పించి ‘సేవించు’ను ఎంచుకున్నది. బస్సులోని పలక పొగ తాగరాదంటుంది. రహదారి మీది పలక మద్యం సేవించి వాహనం నడపరాదంటుంది. వ్యవహారం ఒకే క్రియలో ఉంచిన రెంటినీ శిష్టభాష రెండు క్రియలుగా విడగొట్టింది. సాహిత్యం చేసిన విభజనకు ఇది సూక్ష్మరూపం.

గిరీశం సంభాషణలో ఈ క్రియాభేదం గమనార్హం. వెంకటేశంతో వచనంలో మాట్లాడేటప్పుడు అతడు చుట్ట ‘కాల్చడం’ గురించి చెబుతాడు. పద్యం అందుకోగానే క్రియ ‘తాగు’గా మారుతుంది. ఈ మార్పుకు ఛందస్సు ఒక్కటే కారణం కాదన్నది ముందు చూడబోతున్నాం.

శాస్త్రం ఉన్న మధువు, పురాణం లేని పొగ

దండి కావ్యాదర్శం మహాకావ్యానికి చెప్పిన వర్ణనల్లో మధుపానం ఒకటి. నగర, అర్ణవ, శైల, ఋతువర్ణనల సరసన, ఉద్యాన సలిలక్రీడల వెంట అది నిలిచింది. అష్టాదశ వర్ణనలను పాటించిన తెలుగు ప్రబంధకవికి మధుపానాన్ని వర్ణించడం తప్పుకాకపోగా, లక్షణశాస్త్రం అప్పగించిన పని. ధర్మశాస్త్రం సురాపానాన్ని మహాపాతకంగా లెక్కించినా, అలంకారశాస్త్రం కావ్యంలో దానికి గౌరవస్థానం ఇచ్చింది.

పొగాకుకు ఇటువంటి స్థానం ఉండే అవకాశమే లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన ఈ మొక్క 17వ శతాబ్ది ఆరంభం నాటికి దక్కనులో వాడుకలో ఉన్నది. బిజాపూరు నుంచి అసద్ బేగ్ దాన్ని అక్బరు సభకు తీసుకువెళ్లిన వృత్తాంతం ప్రసిద్ధం. కొండవీటి రెడ్ల ఆస్థానంలో విద్యాధికారిగా ఉండి భోజ్యవస్తువుల పట్ల, దేశాచారాల పట్ల అంత ఆసక్తి చూపిన శ్రీనాథుడికి, తరువాతి కాలంలో తన కొండవీటి చుట్టూ విస్తరించబోయే ఈ పంట తెలియదు. లక్షణగ్రంథాలు కుదురుకున్న తరువాత వచ్చిన అతిథి పొగాకు. వర్ణనల పట్టికలో దానికి పీట లేదు. పురాణంలో పుట్టుక లేదు.

పుట్టుక లేని వస్తువు సంప్రదాయ సమాజంలో గౌరవం పొందాలంటే దానికొక పుట్టుకను కల్పించాలి. గిరీశం పురాణం పేరు తగిలించి వెంకటేశానికి వినిపించే కందపద్యం చేసిన పని సరిగ్గా ఇదే.

చాటుపద్యం లోపల

ఆ పద్యం తెలుగువారందరికీ కంఠస్థం గనుక దాని భావాన్ని స్మరించుకుంటే చాలు. గరుత్మంతుడు అమృతం తెస్తుండగా ఒక చుక్క పొంగి నేల మీద పడింది. అదే పొగాకు మొక్కగా పుట్టింది. పొగ తాగనివాడు మరుజన్మలో దున్నపోతవుతాడు.

ఈ కల్పన ఏ కథను అనుకరించిందో చూడాలి. ఆదిపర్వంలో వినత దాస్యవిముక్తి కోసం గరుత్మంతుడు అమృతకలశాన్ని తెచ్చి దర్భల మీద ఉంచుతాడు. ఇంద్రుడు దాన్ని హరించగా, ఆశ చావని పాములు దర్భలను నాకి నాలుకలు చీల్చుకుంటాయి. అమృతస్పర్శ వల్ల దర్భలకు పవిత్రత వచ్చింది. అంటే ఆ కథలో ఒక గడ్డికి యజ్ఞార్హత ఎలా కలిగిందో చెప్పే అంశం కూడా ఉన్నది. చాటుపద్యం ఆ చట్రాన్ని అలాగే ఉంచి, దర్భ స్థానంలో పొగాకును నాటింది. వైదికుడి చేతిలో ఉండవలసిన గడ్డికి బదులు ఇంగ్లీషు చదువుకున్న యువకుడి చేతిలోని ఆకు అమృతసంబంధం సంపాదించింది. ఈ పద్యంలోని పరిహాసానికి అసలైన పదును ఈ స్థానభ్రంశంలో ఉన్నది.

క్రియ ఎందుకు మారిందో ఇప్పుడు స్పష్టం. అమృతాన్ని ఎవరూ కాల్చరు, తాగుతారు. ఆకు అమృతబిందువు అయినప్పుడు దాని సేవన పానమే కావాలి. ద్రవం, ధూమం అనే రెండు పదార్థాలను పద్యం ‘తాగు’ అనే ఒక్క క్రియతో ఏకం చేసింది. ప్రాస కూడా ఈ పనికి తోడ్పడింది. గకార ప్రాసలో ‘ఖగ’కూ ‘పొగ’కూ చుట్టరికం కుదిరింది. పురాణం ఇవ్వని బంధుత్వాన్ని ఛందస్సు ఇచ్చింది.

చివరి పాదం ఫలశ్రుతిని తలకిందులు చేస్తుంది. పురాణశ్రవణం చేసినవారికి కలిగే ఫలాన్ని చెప్పడం ఫలశ్రుతి పద్ధతి. ఇక్కడ చేయనివాడికి కలిగే దుర్గతి చెప్పబడింది. మీమాంసకుల పరిభాషలో ఇది నిందార్థవాదం: విధించిన పని చేయనివాడిని నిందించి విధికి బలం చేకూర్చడం. విధి లేనిచోట అర్థవాదం నిలబడదు. గిరీశం విధిని మింగి అర్థవాదాన్ని మాత్రం వినిపించాడు.

ఈ పద్యానికి ముందే గిరీశం మరొక ప్రమాణం చూపాడన్నది మరువరాదు. దొరల గొప్పతనానికీ, ఆవిరియంత్రం వంటి వారి ఆవిష్కరణలకూ చుట్టే కారణమని అతడి వాదం. ఒకే ఊపిరిలో దొరనూ పురాణాన్నీ సాక్షులుగా నిలబెట్టగలగడం గిరీశం ప్రతిభ. అయితే ఈ మొదటి సాక్ష్యంలోనూ ఒక వక్రత ఉన్నది. దొర తన చేతిలోని చుట్టను పిలిచే ‘చెరూట్’ అన్న మాట తమిళ ‘సురుట్టు’ నుంచి పోయినది. మన ‘చుట్ట’కు దగ్గరి జ్ఞాతి. కన్యాశుల్కం తొలి ప్రదర్శనకు ఐదేళ్ల ముందు, 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ తొలి కథలో, గది నేల మీది బూడిదను చూసి అది తిరుచిరాపల్లి చుట్టదని ఆ అపరాధపరిశోధకుడు గుర్తుపడతాడు. దక్షిణభారతం నుంచి లండను చేరిన చుట్ట, దొర గొప్పతనానికి గుర్తుగా తిరిగి విజయనగరం చేరింది. మన వస్తువునే పరాయి ప్రమాణంతో మనకు తిరిగి సిఫారసు చేయడం గిరీశం ఇచ్చే చదువు స్వభావం. అతడి దగ్గర తాను నేర్చినదల్లా చుట్ట కాల్చడమేనన్న శిష్యుడి ఫిర్యాదు ఈ సందర్భంలో హాస్యోక్తిగానే ఆగదు. ఆ చదువు మీద తీర్పు అవుతుంది.

సారా దుకాణంలో వేదాంతం

అదే నాటకంలో సారాకూ ఒక రంగం ఉన్నది. హరిద్వారంలో తనకు మఠం ఉన్నదని చెప్పుకునే బైరాగి, హవల్దారు, వీరేశ, మనవాళ్లయ్య దుకాణంలో చేరతారు. తత్త్వాలు, మహిమలు, మతవాదాలు కలగలిసి సాగుతాయి. శైవుడినీ వైష్ణవుడినీ, సర్కారు నౌకరునూ సన్యాసినీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది సారాయే.

ఈ రెండు రంగాలనూ విమర్శ సాధారణంగా వేరువేరుగా చదివింది. మొదటిది పాత్రపరిచయానికి, రెండవది సాంఘికచిత్రణకు ఉదాహరణలుగా నిలిచాయి. నిర్మాణదృష్టితో పక్కపక్కన ఉంచి చూస్తే రెంటిలోనూ ఒకే ప్రక్రియ కనిపిస్తుంది. చుట్టకు గిరీశం పురాణాన్ని కల్పించినట్లే, సారాకు బైరాగి వేదాంతాన్ని అడ్డుపెడతాడు. ఇద్దరూ దూరదేశపు ఆధారాన్నే చూపుతారు: ఒకరిది సీమ, మరొకరిది హరిద్వారం. ఇద్దరి మాటనూ పరీక్షించి చూసే అవకాశం శ్రోతకు లేదు. ఈ నాటకంలో చుట్టకూ సారాకూ కుదిరిన జత ఇక్కడ ఉన్నది. రెండూ అబద్ధప్రమాణాల మీద నిలబడినవి. కన్యను అమ్ముకోవడానికి శాస్త్రాన్ని సాకుగా చూపే సమాజాన్ని విమర్శించే నాటకంలో, చిన్న వ్యసనాలు కూడా శాస్త్రాన్ని సాకుగా చూపడం యాదృచ్ఛికం కాదు. పెద్ద మోసానికి ఇవి చిన్న నమూనాలు.

ఈ పద్యం కేవలం నవ్వుకోసం పెట్టినదనీ, దాని మీద ఇంత భారం మోపరాదనీ ఆక్షేపణ రావచ్చు. నవ్వు దేని మీద అన్నదే సమాధానం. పొగాకు మీద నవ్వడానికి ఏమీ లేదు. ప్రమాణం పుట్టించే నేర్పు మీదనే నవ్వు పుడుతున్నది. నవ్వును సరిగా వివరించాలంటే ప్రమాణాన్ని చర్చించక తప్పదు.

తెగిన జత

గురజాడ ఒకే నాటకంలో ఒకే తూకంతో తూచిన ఈ రెంటినీ తరువాతి సాహిత్యం రెండు దారుల్లో నడిపింది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యామోహాన్ని ‘చింతామణి’లోనూ, కట్నాన్ని ‘వరవిక్రయం’లోనూ విమర్శించినట్లే, తాగుడును ‘మధుసేవ’లో విమర్శించారు. ‘సేవ’ అన్న మాటను గమనించాలి. తాగేవాడు మధువును తీసుకోవడం లేదు, దానికి సేవకుడవుతున్నాడు. ప్రబంధంలో క్రీడగా ఉన్న మధుపానం సంస్కరణయుగపు రంగస్థలం మీద దాస్యమయింది. చుట్టను కేంద్రంగా చేసుకుని ఇటువంటి విషాదనాటకాన్ని మన రంగస్థలం స్థిరపరచలేదు. పొగ హాస్యానికీ, మద్యం విషాదానికీ చెందిపోయాయి.

ఈ విభజన తెలుగుకే పరిమితం కాదనడానికి శరత్ ‘దేవదాసు’ నిదర్శనం. ఆ నవలలో బాలుడైన దేవదాసు వెదురుపొదల్లో చాటుగా హుక్కా పీలుస్తాడు, అది అల్లరి. పెరిగిన దేవదాసు తాగుతాడు, అది పతనం. 1953లో వచ్చిన తెలుగు చిత్రం తరువాత తెలుగు ప్రేక్షకుడి జ్ఞాపకంలో దేవదాసు చేతిలో మిగిలినది సీసాయే.

రాజకీయచరిత్ర కూడా ఇదే విభజనను పాటించింది. సహాయనిరాకరణోద్యమం కల్లుదుకాణాల ముందు నిలబడింది. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్ర తొలి మంత్రివర్గం మద్యనిషేధ వివాదం మీద కూలిపోయింది. దాని నాయకుడు టంగుటూరి ప్రకాశం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతుల్లో చదువుకుంటున్న స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. పొగాకు విషయంలో ప్రభుత్వం ఇందుకు భిన్నమైన పాత్ర ధరించింది. పార్లమెంటు 1975లో చేసిన చట్టం ప్రకారం 1976 జనవరి 1న పొగాకు బోర్డు ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం గుంటూరు. ప్రకాశంగారి ఇంటిపేరులోని టంగుటూరు ఇవాళ పొగాకు వేలంకేంద్రం. మద్యం మీద మంత్రివర్గాన్ని పోగొట్టుకున్న నాయకుడి ఊరిపేరు పొగాకు ధరల వార్తల్లో వినిపిస్తుంది. తెగిన జతకు ఇంతకంటె సూటి దృష్టాంతం అక్కరలేదు.

ఆకు వైపు నుంచి

ఇక్కడ ఒక చారిత్రకమైన హెచ్చరిక అవసరం. గిరీశం చుట్టలోని ఆకు, నేటి ప్రకాశం రైతు వేలానికి తెచ్చే ఆకు ఒకటి కావు. చుట్టకు కావలసినది నాటు పొగాకు, గోదావరి లంకల్లో పండే లంక పొగాకు వంటివి. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు మొదలైనది 1920లో, అంటే కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన పదకొండేళ్లకు. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఈ మార్పుకు ముఖ్యకారకం. చుట్ట ఆకు చాలావరకు చుట్టుపక్కల నోళ్లలోనే కాలిపోయేది; వర్జీనియా ఆకు సిగరెట్టు కోసం, దూరపు విపణి కోసం పండినది. తాగేవాడికీ పండించేవాడికీ మధ్య దూరం పెరిగిన చరిత్ర ఇది.

ఆ దూరానికి ఇవతల ఏమున్నది? అక్టోబరు, నవంబరుల్లో నారు నాటడం, పూత రాగానే తల తుంచడం, అడుగు నుంచి పైకి రెలుపులు, స్త్రీలు కర్రలకు ఆకు అల్లడం, బ్యారన్‌లో ఐదారు రోజులు రాత్రింబవళ్లు వేడిని కనిపెట్టుకుని ఉండడం, మండెలు వేయడం, రంగును బట్టి గ్రేడు చేయడం, బేళ్లు కట్టి వేలానికి తీసుకుపోవడం. ధర కొనుగోలుదారు నోటి నుంచి వెలువడేదాకా ఈ శ్రమకు విలువ తెలియదు. 2015లో ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు జరిగాయి. 2025లో నల్లబర్లీ కొనేవారు లేక రైతులు రోడ్డెక్కగా మార్క్‌ఫెడ్ కొనుగోలుకు దిగవలసి వచ్చింది.

మరొక వాస్తవం నేరుగా మన క్రియకు సంబంధించినది. తడి ఆకు రెలిచేవారికి నికోటిన్ చర్మం గుండా దేహంలోకి ఎక్కుతుంది. తలతిప్పు, వాంతులు కలుగుతాయి. వైద్యశాస్త్రం దీన్ని పచ్చి పొగాకు జబ్బుగా గుర్తించింది. చుట్ట ముట్టని కూలిస్త్రీ కూడా పొగాకును దేహంలోకి తీసుకుంటున్నది. ఆమె చేసినది కాల్చడం కాదు, తాగడమూ కాదు. మన భాషలో ఆ పనికి క్రియ లేదు.

ఈ చూపుతో చాటుపద్యాన్ని మళ్లీ చదివితే చివరి పాదం మారిపోతుంది. పొగ తాగనివాడికి విధించిన జన్మ దున్నపోతుది. అది బురదలో నాగలి లాగే జంతువు. తాగేవాడు మనిషిగా మిగులుతాడు, తాగనివాడు పనిచేసే పశువవుతాడు. పద్యకర్త ఉద్దేశించినది మొద్దుతనాన్నే. కాని ఆ అమృతబిందువు పడిన నేల మీద నిలబడి వింటే, అనుభోక్తకూ శ్రామికుడికీ మధ్య గీత గీసిన మాటగా అది వినిపిస్తుంది. అమృతం తెచ్చిన గరుత్మంతుడు దాన్ని తాగలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తుకు వస్తుంది. అతడు మోసినది తల్లి దాస్యం తీర్చడానికి. పొగాకు పద్యంలో మోసేవాడి పేరు మొదటి మాటగా వచ్చి, వెంటనే మరుగున పడింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: కన్యాశుల్కంలో చుట్ట, సారా ప్రసంగాలు ఒకే నిర్మాణసూత్రం మీద నడిచాయి, ఆ సూత్రం కల్పితప్రమాణం. రెండు: లక్షణశాస్త్రం అనుమతి ఉన్న మధుపానం ఆధునికయుగంలో ఆ అనుమతిని పోగొట్టుకుని విషాదవస్తువయింది, ఏ అనుమతీ లేని పొగాకు కల్పితపురాణం పుణ్యమా అని హాస్యవస్తువుగా సుఖంగా బతికింది. మూడు: మద్యసాహిత్యంలో దృష్టి తాగేవాడి నుంచి ఆ తాగుడును భరించేవారి వైపు జరిగింది, దూబగుంట తరువాత ఆ మార్పును ఎవరూ విస్మరించలేరు. మనం పాఠ్యంగా స్థిరపరచుకున్న రచనల్లో పొగ విషయంలో అటువంటి జరుగుబాటు రాలేదు. చుట్ట ఇంకా గిరీశం చేతిలోనే ఉన్నది.

దీనికి గురజాడను తప్పుపట్టనవసరం లేదు. అబద్ధప్రమాణాన్ని గుర్తించే పద్ధతిని ఆయన నాటకమే మనకు నేర్పింది. ఆ పద్ధతిని ఆ నాటకం పఠనానికే వర్తింపజేయడం తరువాతి విమర్శకుల బాధ్యత. చాటుపద్యాన్ని కంఠస్థం చేయించి నవ్వించి ముందుకు సాగిపోయే బోధన, గిరీశం వెంకటేశానికి చెప్పిన పాఠానికి కొనసాగింపే అవుతుంది. గుంటూరు, ఒంగోలు కళాశాలల్లో ఆ పద్యం వినే విద్యార్థుల్లో కొందరు బ్యారన్ పక్కన నిద్రలేని రాత్రులు గడిపిన ఇళ్ల నుంచి వచ్చినవారు. వారు నవ్వడంలో తప్పులేదు. ఆ నవ్వు ముగిసిన తరువాత పద్యంలోని నేల గురించి వారు అడిగే ప్రశ్నకు పాఠంలో చోటుండాలి.